ఒకే కన్సోల్‌కు పరిమితమైన ఆటలు: మార్కెట్, యంత్రం, ఆటగాడు

7.1 పరిచయం

డిగ్రీ చదువుతూనే చిన్న ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు ఏడాదిపాటు డబ్బు కూడబెట్టి వీడియో గేమ్ కన్సోల్ కొనాలనుకున్నాడు అనుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు, "ఎక్స్‌బాక్స్‌లో చౌక రకం ఉందట కదా, అది తెచ్చుకోరాదూ?" అంటారు. "అందులో గాడ్ ఆఫ్ వార్ రాదు" అని అతడు బదులిస్తాడు. పెద్దవాళ్లకు ఆ మాట విచిత్రంగా తోస్తుంది. రెండూ టీవీకి తగిలించే పెట్టెలే. రెండింటి లోపలా దాదాపు ఒకే రకం చిప్పులు ఉంటాయి. అయినా ఒక పెట్టెలో వచ్చే ఆట ఇంకో పెట్టెలో ఎందుకు రాదు?

ఈ పాఠం చదివే మీరే ఆ కుర్రవాడు కావచ్చు. ఆ పెద్దవాళ్లలో ఒకరైనా కావచ్చు. ఎవరైనప్పటికీ ఆ ప్రశ్న సరైనదే. దానికి సమాధానం సాంకేతిక శాస్త్రంలో కొంత, న్యాయశాస్త్రంలో కొంత ఉంది. ఎక్కువ భాగం మాత్రం మీరు గత యూనిట్‌లో చదివిన మార్కెట్ సిద్ధాంతంలో ఉంది. ఒకే కన్సోల్‌పై మాత్రమే ఆడగలిగే ఆటలను ఈ పాఠంలో 'ప్రత్యేక ఆటలు' అని పిలుద్దాం.

7.2 పెట్టె కోసం ఆటా, ఆట కోసం పెట్టా?

పూరక వస్తువుల గురించి మీకు తెలుసు. కారు, పెట్రోలు వంటివి అవి. కన్సోల్, ఆట కూడా పూరక వస్తువులే. అయితే పెట్రోలు ఏ కంపెనీ కారుకైనా పనికొస్తుంది, ప్రత్యేక ఆట అలా పనికిరాదు. సినిమాతో పోల్చి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక పెద్ద హీరో సినిమా ఊళ్లో ఒకే హాలులో ఆడుతోందనుకోండి. మీరు ఆ హాలుకు వెళ్లి టికెట్ కొంటారు. కన్సోల్ విషయంలో టికెట్‌తో సరిపోదు, ముందు హాలే కొనుక్కోవాలి. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు డిస్క్ పెట్టుకునే రకం ధర 49,990 రూపాయలు. ఆటల ఖర్చు ఆ పైన.

కన్సోల్ కంపెనీలు లాభం కోసం చూసేది సాధారణంగా ఆ పెట్టె ధరలో కాదు. ఎక్స్‌బాక్స్ యంత్రాల అమ్మకంలో తమకు ఎన్నడూ లాభం రాలేదని మైక్రోసాఫ్ట్ ప్రతినిధి 2021లో అమెరికాలోని ఒక కోర్టులో సాక్ష్యం చెప్పారు. ఆదాయం ఆటల మీద వస్తుంది. ఇతర కంపెనీల ఆట ఒకటి కన్సోల్ దుకాణంలో అమ్ముడైతే సాధారణంగా దాని ధరలో 30 శాతం కన్సోల్ కంపెనీకి చేరుతుంది. కాబట్టి కంపెనీకి అన్నిటికంటే ముఖ్యం మీ ఇంట్లో తన పెట్టె ఉండటం. దాన్ని మీ ఇంట్లోకి చేర్చే ఎర ప్రత్యేక ఆట.

ఇక్కడ రెండు వైపుల మార్కెట్ పనిచేస్తోంది. ఒకవైపు ఆటగాళ్లు, మరోవైపు ఆటలు తయారుచేసేవారు, మధ్యలో వేదికగా కన్సోల్. ఆటగాళ్లు ఎక్కువగా ఉన్న వేదిక కోసం ఆటలు ఎక్కువగా తయారవుతాయి. ఆటలు ఎక్కువగా ఉన్న వేదికకు ఆటగాళ్లు వస్తారు. మంచి ఆట ఒకటి ఈ చక్రాన్ని మొదటిసారి తిప్పుతుంది. ఒకసారి తిరగడం మొదలయ్యాక మీరు కొన్న ఆటలు, మీ స్నేహితుల జాబితా, సాధించిన విజయాలు అన్నీ ఆ వేదికపైనే పోగుపడతాయి. వాటిని వదులుకుని వేరే కన్సోల్‌కు మారడానికి అయ్యే నష్టాన్ని మార్పిడి వ్యయం అంటాం.

మరో విధంగా చెప్పాలంటే, రెండు కన్సోళ్లు ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. వాటి మధ్య జాత్యంతర డిమాండ్ వ్యాకోచత్వం ఎక్కువగా ఉంటే ధరల పోటీ తప్పదు. ప్రత్యేక ఆట ఆ వ్యాకోచత్వాన్ని తగ్గిస్తుంది. పైన చెప్పిన కుర్రవాడు ధర తక్కువైనా ఎక్స్‌బాక్స్ వైపు చూడకపోవడానికి కారణం ఇదే.

7.3 తాళం చిప్పు

తొలిరోజుల్లో ఇలాంటి ఏర్పాటు ఏదీ లేదు. అటారీ కంపెనీ 1977లో విడుదల చేసిన యంత్రానికి ఆటలు కూడా అటారీయే తయారుచేసేది. తమ పేరు ఆట మీద వేయనందుకు, తగిన ప్రతిఫలం ఇవ్వనందుకు అసంతృప్తి చెందిన కొందరు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి 1979లో యాక్టివిజన్ స్థాపించారు. అదే యంత్రానికి సొంతంగా ఆటలు అమ్మసాగారు. అటారీ దావా వేసింది కానీ వారిని ఆపలేకపోయింది. ఆ దారిలో ఇంకెందరో వచ్చారు. నాసిరకం ఆటలు దుకాణాలను ముంచెత్తాయి. 1983లో అమెరికా వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది.

1985లో అమెరికాలో అడుగుపెట్టిన నింటెండో ఈ పాఠాన్ని బాగా చదువుకుంది. తన యంత్రంలో ఒక చిన్న తాళం చిప్పు పెట్టింది. దానికి సరిజోడు చిప్పు ఉన్న కార్ట్రిడ్జ్ పెడితేనే యంత్రం ఆటను నడుపుతుంది. ఆ సరిజోడు చిప్పు నింటెండో దగ్గరే దొరుకుతుంది. అది కావాలంటే ఒప్పందం మీద సంతకం చేయాలి. ఒప్పందం షరతులు గట్టివి: ఏడాదికి ఐదు ఆటలకు మించి విడుదల చేయరాదు. కార్ట్రిడ్జ్‌లు నింటెండో చేతే తయారుచేయించి, డబ్బు ముందే కట్టాలి. ఆ ఆట రెండేళ్ల వరకు మరే కన్సోల్‌పైనా రాకూడదు. చివరి షరతును గమనించండి. ఆటగాడికి ఫలానా ఆట 'నింటెండో ఆట'గా కనిపించడానికి చాలా సందర్భాల్లో కారణం ఆ కాగితం మీద ఉన్న ఒక వాక్యం మాత్రమే.

అటారీ గేమ్స్ సంస్థ ఈ తాళాన్ని తీయాలని చూసింది. చిప్పులోని ప్రోగ్రామ్ ప్రతిని అమెరికా కాపీరైట్ కార్యాలయం నుంచి అబద్ధపు కారణం చూపి సంపాదించింది. 1992లో కోర్టు దానిని తప్పుపట్టింది. ఆశ్చర్యం ఏమిటంటే, అదే సంవత్సరం సెగా, అకొలేడ్ కంపెనీల మధ్య జరిగిన మరో కేసులో తీర్పు దాదాపు వ్యతిరేక దిశలో వచ్చింది. యంత్రంలో నడిచే ఆట తయారుచేయడం కోసం, వేరే దారి లేనప్పుడు, ప్రోగ్రామ్‌ను విడదీసి అర్థం చేసుకోవడం న్యాయసమ్మతమేనని ఆ కోర్టు చెప్పింది. రెండు తీర్పుల తేడా దారిలో ఉంది. అకొలేడ్ యంత్రాన్ని, ఆటలను కొని పరిశోధించింది. అటారీ గేమ్స్ మోసం చేసింది.

ఇక మన ఊళ్ల సంగతి. 1990లలో తెలుగు పట్టణాల్లో పెరిగినవారికి మారియో పరిచయం నింటెండో ద్వారా కాలేదు. ఎగ్జిబిషన్లలో, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే చౌక యంత్రాల్లో, వందల ఆటలున్నాయని పైన అచ్చువేసిన కార్ట్రిడ్జ్‌లలో వాళ్లు మారియోను ఆడారు. (అవే నాలుగైదు ఆటలు మళ్లీమళ్లీ వస్తాయని కొన్న తరువాతే తెలిసేది.) అవి జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ యంత్రానికి నకళ్లు. నకలు చేసేవారు ఫ్యామికామ్‌ను ఎంచుకోవడంలో ఒక సౌలభ్యం ఉంది. జపాన్ రకంలో తాళం చిప్పు లేదు. అది అమెరికా రకంలో చేర్చినది. మారియో నింటెండోకే ప్రత్యేకమైన ఆట అని చట్టం చెబుతుంది. కానీ తాళం లేనిచోట ఆ ప్రత్యేకత నిలవలేదు. ఆటకు ప్రత్యేకత దానంతట రాదు, ఎవరో ఒకరు కాపలా కాస్తేనే ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
నింటెండో ఒప్పందంలోని మూడు షరతుల్లో ఏది నాణ్యతను కాపాడేది, ఏది పోటీని అడ్డుకునేది? ఒకే షరతు రెండు పనులూ చేయగలదా? ఐదు వాక్యాల్లో రాయండి.

7.4 ఆట, యంత్రం ఒకదాని కోసం ఒకటి

ఇంతవరకు చదివితే ప్రత్యేక ఆట అంటే కేవలం వ్యాపార ఎత్తుగడ అనిపిస్తుంది. అది సగమే నిజం. ఆటగాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునే ప్రత్యేక ఆటలు చాలావరకు ఒక నిర్దిష్ట యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టినవే.

1996లో నింటెండో 64తోపాటు వచ్చిన సూపర్ మారియో 64ను తీసుకోండి. ఆ యంత్రపు కంట్రోలర్ మధ్యలో ఉన్న చిన్న పుల్లను కొద్దిగా వంచితే మారియో మెల్లగా నడుస్తాడు, పూర్తిగా వంచితే పరుగెత్తుతాడు. ఆట, కంట్రోలర్ ఒకే కంపెనీలో ఒకే కాలంలో రూపుదిద్దుకున్నాయి. మూడు కొలతల ప్రపంచంలో ఒక బొమ్మను ఎలా నడిపించాలో పరిశ్రమ ఆ ఆటను చూసి నేర్చుకుంది. 2006లో వీ యంత్రంతో వచ్చిన వీ స్పోర్ట్స్ కూడా అలాంటిదే. చేతిలోని రిమోట్‌ను బ్యాట్‌లా ఊపితే తెర మీద బంతి ఎగురుతుంది. ఆ రిమోట్ లేకుండా ఆ ఆటకు అర్థం లేదు. జపాన్ బయట చాలా దేశాల్లో దానిని యంత్రంతోపాటే ఇచ్చారు. 8 కోట్లకు పైగా ప్రతులు జనంలోకి వెళ్లాయి. వాటిలో చాలా భాగం జీవితంలో ఎన్నడూ వీడియో గేమ్ ముట్టనివారి ఇళ్లకు చేరాయి.

నా దృష్టిలో ఈ కోవలో అన్నిటికంటే గొప్పది 2005లో ప్లేస్టేషన్ 2 కోసం వచ్చిన షాడో ఆఫ్ ది కొలోసస్. రూపకర్త ఫుమితో ఉయెదా. చనిపోయిన ఒక అమ్మాయిని బతికించుకోవడానికి ఒక యువకుడు గుర్రం మీద నిర్జన ప్రదేశానికి వస్తాడు. అక్కడ 16 మహాకాయులను చంపాలి. ఆటలో ఇంకెవరూ శత్రువులు ఉండరు. ఊళ్లు లేవు, దుకాణాలు లేవు, పక్కదారి పనులు లేవు. ఒక్కో మహాకాయుడి వెతుకులాటలో మైళ్ల కొద్దీ ఖాళీ నేల మీద స్వారీ చేస్తారు. దొరికాక వాడి కాలి వెంట్రుకలు పట్టుకుని పైకి ఎక్కుతారు. కొండంత ఆ జీవి విదిలిస్తుంటే చెయ్యి జారకుండా బొత్తాం నొక్కిపట్టి ఉంచుతారు. పొడిచి చంపాక అది నేలకొరుగుతుంది. గెలిచామన్న సంతోషం రాదు. ఏదో తప్పు చేశామన్న దిగులు వస్తుంది.

ప్లేస్టేషన్ 2లో ప్రధాన జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు. ఇవాళ మీ ఫోన్‌లో ఉన్నది దానికి వంద రెట్లకు పైనే. అంత చిన్న స్థలంలో కదిలే కొండలను, వాటి బొచ్చును, విశాలమైన మైదానాన్ని ఇరికించారు. యంత్రం రొప్పింది. పెద్ద పోరాటాల్లో బొమ్మలు తడబడేవి. ఆ తడబాటును కూడా అభిమానులు ప్రేమగా తలుచుకుంటారు. అయితే ఒక మాట చెప్పాలి. అన్ని రకాల యంత్రాల మీద ఒకేసారి అమ్మవలసిన ఆటలో ఇంత ఖాళీని, ఇంత దిగులును ఒప్పుకునే ప్రచురణకర్త దొరకడం కష్టం. సోనీకి ఆ ఒక్క ఆట మీదే లాభం రావలసిన అగత్యం లేదు. 'ఇలాంటివి మా యంత్రం మీదే దొరుకుతాయి' అన్న పేరు వస్తే చాలు. ప్రత్యేక ఆట వల్ల కళకు మేలు జరుగుతుందని వాదించేవారి వద్ద ఉన్న బలమైన ఉదాహరణ ఇది. ఆ వాదనను తేలికగా కొట్టిపారేయలేం.

యంత్రం లక్షణం ఆటను ఒక వేదిక నుంచి మరో వేదికకు తరలించిన సందర్భాలూ ఉన్నాయి. ఫైనల్ ఫాంటసీ మొదటి ఆరు ఆటలూ నింటెండో యంత్రాలపైనే వచ్చాయి. ఏడవది 1997లో సోనీ ప్లేస్టేషన్‌పై వచ్చింది. నింటెండో 64 కార్ట్రిడ్జ్‌లకే కట్టుబడి ఉండటం కారణం. సూపర్ మారియో 64 కార్ట్రిడ్జ్ పరిమాణం 8 మెగాబైట్లు. ఒక సీడీలో దాదాపు 650 మెగాబైట్లు పడతాయి. ఫైనల్ ఫాంటసీ 7కు మూడు సీడీలు కావలసి వచ్చాయి. కార్ట్రిడ్జ్ వేగంగా తెరుచుకుంటుంది, నకలు తీయడం కష్టం. అది నింటెండో లెక్క. సీడీ చౌక, చోటు ఎక్కువ. అది స్క్వేర్ కంపెనీ లెక్క. ఒకే ఒక్క వరుస ఆటల వలసతో జపాన్ మార్కెట్ మొగ్గు మారింది.

7.5 కొనుగోలు చేసిన ప్రత్యేకత

యంత్రంతో పనిలేకుండా కేవలం డబ్బుతో వచ్చే ప్రత్యేకత వేరే రకం. ఇది రెండు విధాలు. మొదటిది స్టూడియోనే కొనేయడం. 1999లో హేలో ఆటను స్టీవ్ జాబ్స్ ఆపిల్ సభలో ప్రపంచానికి పరిచయం చేశారు. మరుసటి ఏడాది ఆ ఆట తయారుచేస్తున్న బంగీ స్టూడియోను మైక్రోసాఫ్ట్ కొన్నది. 2001లో అదే హేలో ఎక్స్‌బాక్స్‌ను నిలబెట్టిన ఆట అయింది. 2002లో మైక్రోసాఫ్ట్ రేర్ అనే బ్రిటిష్ స్టూడియోను 37.5 కోట్ల డాలర్లకు కొన్నది. నింటెండో 64 కోసం గోల్డెన్‌ఐ తయారుచేసింది ఈ రేర్‌యే. స్టూడియో ఒకరిది, పాత యంత్రం ఇంకొకరిది, జేమ్స్ బాండ్ హక్కులు వేరొకరివి. దాంతో 1997 నాటి ఆ ఆట తన అసలు రూపంలో కొత్త యంత్రాలపైకి రావడానికి 2023 దాకా ఆగవలసి వచ్చింది.

రెండవది కొంతకాలానికి మాత్రం ప్రత్యేకత కొనడం. దీనికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ స్టూడియో తయారుచేసిన రాజీ అనే ఆట 2020 ఆగస్టులో మొదట నింటెండో స్విచ్‌పై వచ్చింది. మిగిలిన యంత్రాలకు అక్టోబరులో వచ్చింది. మన పురాణాల నేపథ్యంలో మనవాళ్లు చేసిన ఆట తొలి రెండు నెలలు, మన దుకాణాల్లో మామూలుగా దొరకని యంత్రంపై మాత్రమే ఉంది. స్టూడియోను తప్పుపట్టలేం. చిన్న స్టూడియోకు అంతర్జాతీయ వేదికపై ముందు వరుసలో స్థానం దొరకడం పెద్ద విషయం.

హైదరాబాదుకూ ఈ చరిత్రలో చోటుంది. 2009లో సోనీ హనుమాన్: బాయ్ వారియర్ అనే ఆటను ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. తయారుచేసింది హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ ఆటగా దానికి ప్రచారం లభించింది. అప్పటికి ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్లు దాటింది. అయినా పాత యంత్రాన్నే ఎందుకు ఎంచుకున్నారు? మన దేశంలో చౌకగా దొరికేది, మధ్యతరగతి ఇళ్లలోకి వెళ్లగలిగేది అదే. ప్రత్యేక ఆట ఎరగా పనిచేయాలంటే ఎర కొనేవాడి భాషలో, కొనేవాడికి తెలిసిన కథతో ఉండాలన్నది సోనీ ఆలోచన. ఆట అంత గొప్పగా రాలేదు, అది ఒప్పుకోవాలి. ఆరాధించే దైవాన్ని బొత్తాలతో ఆడించడమేమిటని విదేశాల్లో ఒక హిందూ ప్రతినిధి అభ్యంతరం కూడా చెప్పారు. అయినా ఒక ప్రపంచస్థాయి కంపెనీ తన యంత్రాన్ని అమ్ముకోవడానికి హైదరాబాదు ప్రోగ్రామర్ల పని మీద ఆధారపడిన సందర్భం అది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
సూపర్ మారియో 64, హేలో, రాజీ ఆటలకు ప్రత్యేకత ఏ విధంగా వచ్చిందో ఒక్కో వాక్యంలో తేడా చూపండి.

7.6 గోడలు పల్చబడటం

2022 జనవరిలో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. పైన చెప్పుకున్న, అటారీ నుంచి విడివడి పుట్టిన ఆ యాక్టివిజనే ఇది. కాల్ ఆఫ్ డ్యూటీ ఇక ఎక్స్‌బాక్స్‌కే పరిమితమవుతుందేమోనని సోనీ భయపడింది. అమెరికా, బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థలు అడ్డుచెప్పాయి. 2023 జూన్‌లో అమెరికా కోర్టులో సాక్ష్యం చెప్పినవారిలో మైక్రోసాఫ్ట్ అధిపతి, హైదరాబాదులో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల కూడా ఉన్నారు. తన చేతిలో ఉంటే కన్సోల్ ప్రత్యేకతలను ఎత్తేయడమే తనకు ఇష్టమని, అయితే మార్కెట్‌లో ముందున్న కంపెనీ పోటీని ఆ విధంగానే నిర్వచించిందని ఆయన అన్నారు. ఈ మాటను విద్యార్థిగా మీరు రెండు విధాలా చదవాలి. అది నిజాయితీ గల అభిప్రాయం కావచ్చు. వెనుకబడిన పోటీదారుకు గోడలు లేకపోవడమే లాభమన్న లెక్క కూడా కావచ్చు. చివరికి కాల్ ఆఫ్ డ్యూటీని ప్లేస్టేషన్‌పై పదేళ్లు కొనసాగించే ఒప్పందం కుదిరింది. కొనుగోలు 2023 అక్టోబరులో పూర్తయింది.

ఆ కేసులో బయటపడ్డ పత్రాల వల్ల మరో సంగతి తెలిసింది. సోనీ ప్రత్యేక ఆట ది లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగానికి అయిన ఖర్చు దాదాపు 22 కోట్ల డాలర్లు. అంత పెట్టుబడిని ఒకే యంత్రం కొన్నవారి నుంచి రాబట్టడం నానాటికీ కష్టమవుతోంది. అందుకే గోడలు పల్చబడుతున్నాయి. గాడ్ ఆఫ్ వార్ 2022లో కంప్యూటర్‌పైకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ తన నాలుగు ఆటలను ఇతర కన్సోళ్లకు ఇస్తున్నట్లు చెప్పింది. 2025 అక్టోబరులో ఏకంగా హేలోనే ప్లేస్టేషన్‌కు తెస్తున్నట్లు ప్రకటించింది. నింటెండో మాత్రం తన దారి మార్చుకోలేదు. మారియో, జెల్డా ఆడాలంటే ఇప్పటికీ నింటెండో యంత్రం కొనవలసిందే.

7.7 యంత్రం పోయాక

కొనేవాడి డబ్బు గురించి మాట్లాడుకున్నాం. దానికంటే నెమ్మదిగా, కనబడకుండా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. ఆటను ఒకే యంత్రానికి కట్టేస్తే, ఆ యంత్రం తయారీ ఆగిపోయాక ఆట ఏమవుతుంది? పుస్తకం ఏ వెలుగులోనైనా చదవవచ్చు. పాత సినిమాను కొత్త తెర మీద వేయవచ్చు. ఆటకు మాత్రం దాని యంత్రమో, దాన్ని అచ్చంగా అనుకరించే ప్రోగ్రామో కావాలి. 2023 మార్చిలో నింటెండో తన వీ యూ, 3డీఎస్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాలను మూసేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలను ఆ తరువాత న్యాయంగా కొనే మార్గం లేకుండా పోయింది. అదే ఏడాది అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం ప్రచురించింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకడం లేదని అందులో తేలింది.

ఎవరి ఆట బతుకుతుందన్నది తరచుగా యజమానికి దాని మీద ఉన్న ఆసక్తిని బట్టి ఉంటుంది. షాడో ఆఫ్ ది కొలోసస్ అదృష్టవంతురాలు. 2011లో ప్లేస్టేషన్ 3కి మెరుగుపరిచారు, 2018లో ప్లేస్టేషన్ 4 కోసం మొదటి నుంచి తిరిగి నిర్మించారు. వీ యూ యంత్రం 1.36 కోట్లు మాత్రమే అమ్ముడై విఫలమైనా, దాని మీది మారియో కార్ట్ 8ను నింటెండో స్విచ్‌కు తెచ్చి మళ్లీ బ్రహ్మాండంగా అమ్ముకుంది. హైదరాబాదు హనుమంతుడికి అలాంటి పునర్జన్మ రాలేదు. ఇవాళ ఆ ఆట ఆడాలంటే పాత డిస్క్ ఒకటి, ఇంకా పనిచేస్తున్న ప్లేస్టేషన్ 2 ఒకటి వెతుక్కోవాలి.

అభ్యాసం
మీ ఇంట్లోగాని, బంధువుల ఇంట్లోగాని అటక మీద పడివున్న పాత ఆట యంత్రం ఒకటి చూడండి. అది అసలుదా, నకలుదా? ఏ ఆటలు అందులో మాత్రమే నడుస్తాయి? వాటిలో ఏవి ఈనాడు న్యాయంగా కొనగలరు? మీరు కనుగొన్న వివరాలతో ఒకటిన్నర పేజీ రాసి, తదుపరి కాంటాక్ట్ తరగతికి తీసుకురండి. యంత్రం ఇంకా పనిచేస్తుంటే ఆ సంగతి కూడా రాయండి.